కార్డుకు అందని పన్ను: వృద్ధుల దంత వైద్యంపై అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న బంధుగాం వంటి చోట్ల వృద్ధుల పళ్ల వైద్యానికంతటికీ ఒకే పథకమంటూ లేదు. ఒక్కో అవసరాన్ని ఒక్కో ఏర్పాటు తీరుస్తుంది కనుక, వాటిని అల్లుకున్న అపోహలను విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.

అపోహ: వయసు మీదపడ్డాక పళ్లు ఊడటం సహజం, వైద్యం దండగ.

వాస్తవం: పళ్లను ఊడగొట్టేది వయసు కాదు, వ్యాధి. పంటి మొదట్లో పేరుకున్న పాచి గట్టిపడి గారగా మారినప్పుడు చిగుళ్లు వాచి, పంటిని పట్టి ఉంచే ఎముక మెల్లగా కరిగిపోతుంది. మధుమేహమూ పొగాకూ దీనిని వేగిరపరుస్తాయి కాబట్టి, ఒడిశాలో పలువురు పళ్లు తోముకోవడానికి వాడే గుడాకు, అంటే పొగాకు కలిపిన ముద్ద, పంటినొప్పికి మందు కాదు, చిగుళ్లకు చేటు.

అపోహ: ఆయుష్మాన్ కార్డు ఉంటే పళ్ల వైద్యమంతా ఉచితం.

వాస్తవం: 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, రాష్ట్రానికి చెందిన గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిసి అమలులోకి వచ్చింది. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు భరించే ఈ ఏర్పాటు ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఉద్దేశించినది కనుక, విరిగిన దవడకు చేసే శస్త్రచికిత్స దాని పరిధిలోకి వస్తుంది గాని, పుచ్చు పూడ్చడం, రూట్ కెనాల్ వంటి రోజువారీ చికిత్సలు సాధారణంగా రావు. ఈ మినహాయింపు భారతదేశానికే పరిమితం కాదు. అమెరికాలో వృద్ధుల కోసం 1965లో చేసిన మెడికేర్ చట్టమూ సాధారణ దంత వైద్యాన్ని పక్కన పెట్టింది.

అపోహ: కార్డు చెల్లకపోతే కట్టుడు పళ్లకు సొంత డబ్బే గతి.

వాస్తవం: 2017 ఏప్రిల్‌లో నెల్లూరులో తొలి శిబిరం జరుపుకొన్న రాష్ట్రీయ వయోశ్రీ యోజన, 60 ఏళ్లు నిండిన పేద వృద్ధులకు చేతికర్ర, వినికిడి యంత్రాలతో పాటు కట్టుడు పళ్లనూ ఉచిత సహాయ పరికరాల జాబితాలో చేర్చింది. 2014–15లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లోనూ అంతకు దిగువ స్థాయిలోనూ దంత విభాగాల ఏర్పాటుకు రాష్ట్రాలకు తోడ్పడుతుంది.

అపోహ: బోసినోటివారికి దంత వైద్యుడితో పనిలేదు.

వాస్తవం: శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో వయసు మళ్లిన స్త్రీలలో కనిపించే అడ్డపొగ, అంటే చుట్టను నిప్పున్న కొస నోటిలో ఉండేలా పెట్టి పీల్చే అలవాటు, అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది. అంగిలిపై తెల్లమచ్చనో, మానని పుండునో తొలిదశలో గుర్తించడానికి నోట్లో పళ్లు ఉండనక్కరలేదు. ముదిరిన క్యాన్సర్‌కు ఆసుపత్రిలో చేసే చికిత్సకు కార్డు చెల్లుతుంది. దానిని ముందే పసిగట్టగల నోటి పరీక్షకు మాత్రం ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీయే ఆధారం.