బాలింత కాలివాపు: అశ్రద్ధ చేయదగినది కాదు

బాలింతకు కాలు వాచినచో మన ఇండ్లలో పెద్దలు చెప్పు మాట ఒక్కటే: “నీరు పట్టింది, నూనె రాసి కాపు పెట్టండి.” కరీంనగరమున చిరకాలముగా వైద్యము చేయుచున్న నేను సైతము ఒకప్పుడు ఆ మాటయే చెప్పితిని.

జగిత్యాల ప్రాంతము నుండి ఒక ఇల్లాలిని తీసికొనివచ్చిరి. సిజేరియను కాన్పు జరిగి పదునొకండు దినములైనది. ఎడమ కాలు మాత్రమే వాచియున్నది, పిక్కలో నొప్పి. వాతశోథమని భావించి తైలమిచ్చి మర్దనము చేయుమంటిని. రెండవనాడు ఆమెకు ఊపిరాడలేదు, రొమ్ములో పోటు వచ్చినది. కాలిలో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు చేరినదని ఆసుపత్రిలో తేలినది. దైవానుగ్రహమున ఆమె బ్రతికి బయటపడినది. ఆనాటి నుండి బాలింతకు ఒక కాలు వాచినదన్నచో నేను తైలపు సీసా ముట్టను. ముందుగా ఆసుపత్రికే పంపుదును.

రక్తము ఏల గడ్డకట్టును?

గర్భిణి దేహమున రక్తమునకు గడ్డకట్టు గుణము సహజముగనే పెరుగును. కాన్పు వేళ అధిక రక్తస్రావము కాకుండ ప్రకృతి చేసిన రక్షణ ఇది. అయితే ఆ రక్షణయే ఒక్కొక్కప్పుడు ముప్పగును. పెరిగిన గర్భాశయము కటిభాగపు సిరలను నొక్కుటచే కాళ్ల నుండి రక్తము మెల్లగా పైకెక్కును. ఎడమవైపు సిరపై ధమని అడ్డముగా పోవుటచే ఎడమ కాలికే ఈ వ్యాధి ఎక్కువ. ప్రవాహము మందగించుట, రక్తనాళము దెబ్బతినుట, రక్తగుణము మారుట అను మూడు కారణములను ఆధునికులు జర్మను వైద్యుడు విర్కో పేరిట చెప్పుదురు. సిజేరియను అయి మంచము పట్టిన బాలింతలో ఈ మూడును ఒక్కచోట చేరును. లోతు సిరలో రక్తము గడ్డకట్టు ఈ వ్యాధిని డీప్ వెయిన్ థ్రాంబోసిస్ అందురు.

కాన్పు అయినంత మాత్రమున ముప్పు తీరదు. తరువాతి 6 వారములే మిక్కిలి జాగ్రత్త పడవలసిన కాలము. మన శాస్త్రములు సూతికాకాలమును ఒకటిన్నర మాసముగా నిర్ణయించినవి. రెండు లెక్కలును దాదాపు ఒక్కటియే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 60.7 శాతము కాన్పులు సిజేరియనులే. కరీంనగరం జిల్లాలో అది 80 శాతమునకు మించినది. అవసరమైనప్పుడు శస్త్రచికిత్స ప్రాణదానమే. కాని ముహూర్తము కొరకు కోత కోరువారు, కోత వలన రక్తము గడ్డకట్టు ప్రమాదము పెరుగునని తెలిసికొనవలెను.

నీరు తగ్గించుమని శాస్త్రము చెప్పినదా?

బాలింతకు నీరిచ్చిన పొట్ట పెరుగునని, పుండు చీము పట్టునని దాహమునకు కూడ గ్రుక్కెడే ఇచ్చు ఇండ్లు నేటికిని కలవు. లేచినచో వాతము కమ్మునని మంచము దిగనీయరు. నీరు తగ్గిన రక్తము చిక్కబడును, కదలని కాళ్లలో ప్రవాహము మందగించును. చరక సంహిత శారీరస్థానమున సూతికకు ఆకలిని బట్టి స్నేహముతో కూడిన, ద్రవరూపమైన యవాగువు త్రాగింపుమని యున్నది. ద్రవము ఇమ్మన్న శాస్త్రము పేరు చెప్పి దాహముతో ఉంచుట మన పొరపాటే.

ఎవరికి ముప్పు అధికము?

సిజేరియను అయినవారు, స్థూలకాయులు, 35 ఏండ్లు దాటినవారు, కవలలను కన్నవారు, పూర్వము తమకు గాని, తల్లికి, తోబుట్టువులకు గాని రక్తము గడ్డకట్టిన వ్యాధి వచ్చినవారు. పలుమార్లు గర్భము నిలువనివారు కూడ జాగ్రత్త పడవలెను. మనవారు పుత్రఘ్నీ యోనివ్యాపత్తుగా వర్ణించిన స్థితి వంటి వారిలో కొందరికి యాంటీఫాస్ఫోలిపిడ్ అను రక్తదోషముండును. లండనులో డాక్టరు గ్రాహం హ్యూస్ 1983లో దీనిని వివరించెను. రక్తపరీక్షచే కనుగొని, ఆస్పిరిన్, హెపారిన్ వైద్యుని పర్యవేక్షణలో వాడినచో పెక్కుమందికి బిడ్డ దక్కును.

ఆదిలాబాదు గోండు, కొలాం కుటుంబములలో కొందరికి సికిల్‌సెల్ వ్యాధి కలదు. రక్తకణములు కొడవలి వలె వంగు ఈ వ్యాధిలో గర్భిణికి గడ్డల ముప్పు మరింత హెచ్చు, నీరు తగ్గుట మిక్కిలి హానికరము. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమము 40 ఏండ్ల లోపువారికి పరీక్షలు నిర్దేశించినది. వివాహమునకు ముందే చేయించుకొనుట మేలు.

గుర్తింపవలసిన లక్షణములు

రెండు కాళ్లు సమానముగా ఉబ్బుట కాన్పు తరువాత సామాన్యమే. ఒకే కాలు వాచుట, పిక్కలో లేక తొడలో నొప్పి, చర్మము వేడెక్కి ఎరుపెక్కుట ప్రమాద సూచనలు. హఠాత్తుగా ఆయాసము, రొమ్ములో పోటు, దగ్గులో నెత్తురు, సొమ్మసిల్లుట కనిపించినచో క్షణము ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. కాలికి డాప్లర్ స్కానింగు చేసినచో గడ్డ కనిపించును.

ఇంటిలో చేయవలసినవి

1. దాహము తీరునట్లు కాచి చల్లార్చిన నీరు, పలుచని గంజి, జీలకర్ర నీరు ఇవ్వుడు.
2. వైద్యుని అనుమతితో కాన్పు నాడో, మరునాడో లేపి నడిపింపుడు. పరుండినప్పుడు పాదములు పైకి క్రిందికి ఆడించుచుండవలెను.
3. వాచిన కాలికి మర్దనము, కాపడము కూడదు.
4. రక్తము పలుచబరచు మందు వాడువారికి కూరలోని వెల్లుల్లి, సొంఠి, పసుపు చాలును. వాటిని చూర్ణములుగా, గుళికలుగా అధికముగా ఈయరాదు. ఏ కషాయమైనను వైద్యునికి చెప్పకుండ వాడరాదు.
5. హెపారిన్ గాని, వార్ఫరిన్ గాని వైద్యుడు వ్రాసినచో పాలిచ్చుట మాన్పవద్దు. అయితే వార్ఫరిన్ గర్భములోని శిశువునకు హానికరము గనుక మరల గర్భము ధరింపకమునుపే వైద్యుని సంప్రదింపవలెను.

తల్లులారా, అత్తలారా! పురిటి గదిలో మీ మాటయే శాసనము. నూనె స్నానము, సాంబ్రాణి ధూపము, బాలింత కాయము మీ చేతి పెన్నిధులు. వానిని విడువవలదు. వానితోపాటు ప్రతి సాయంకాలము కోడలి రెండు కాళ్లను ప్రక్కప్రక్కన పెట్టి ఒక్కమారు చూడుడు. ఆ చూపే ఒక ఇల్లాలి ప్రాణమును నిలుపగలదు.