పాత వాల్వు ట్రాంబోను: కొనుటకు ముందు చేయదగిన పరీక్షలు

విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలలో పెండ్లి ఊరేగింపులందును, అమ్మవారి పండుగలందును బ్యాండు మేళము వినబడుట పరిపాటి. క్లారినెట్టు, ట్రంపెట్టు పాటను నడుపుచుండగా, క్రింది స్థాయిలో గంభీరముగా పలుకుచు వాటికి అండగా నిలుచు ఇత్తడి వాద్యములలో వాల్వు ట్రాంబోను ఒకటి. క్రొత్తది కొనగల స్తోమత అందరికి ఉండదు. అందుచేత ఇట్టి వాద్యములు ఒకరి నుండి మరియొకరికి చేతులు మారుచుండును. మెరుగు పెట్టిన పాత వాద్యమును చూచి మురిసి కొన్నవానికి, తీరా ముహూర్తముల రోజులు వచ్చిన పిదప అది అపస్వరము పలుకుచున్నదని తెలిసినచో, ఆ ఏటి సంపాదనకే ముప్పు కలుగును. ఆ వాద్యమును ముందే పరీక్షించుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో నేర్చు భౌతిక, రసాయన శాస్త్రములు చాలును.

వాద్యము పలుకు విధము

నాదస్వరమునకు రంధ్రములు కలవు. వ్రేళ్లు ఎత్తిన కొలది పలుకు గాలి స్తంభము పొట్టిదై స్వరము హెచ్చును. ట్రాంబోనుకు అట్టి రంధ్రములు లేవు. వాయించువాని పెదవులు ఊదు మూతికి ఆని కంపించగా, గొట్టములోని గాలి స్తంభము అనునాదము చెందును. సాధారణ ట్రాంబోను గొట్టమును సాగదీసి కొలిచినచో సుమారు 9 అడుగులు, అనగా 270 సెంటీమీటర్లు ఉండును. పెదవుల బిగువును మార్చి ఈ గొట్టము నుండి కొన్ని స్వరములనే రాబట్టవచ్చును. వాటి కంపన సంఖ్యలు దాదాపు 2, 3, 4, 5, 6 అను నిష్పత్తిలో ఉండును. నడుమ మిగిలిన స్వరములు కావలెనన్నచో గొట్టము పొడవు పెంచవలెను.

జారుడు ట్రాంబోనులో ఈ పని చేతితో జరుగును. గొట్టమును ముందుకు జరిపిన కొలది స్వరము దిగును. కాని ఇరుకు వీధిలో, జనసమ్మర్దములో నడచుచు వాయించువానికి ముందు అంత చోటు ఎక్కడిది? వాల్వు ఈ చిక్కును తీర్చినది. 1818లో స్టోల్జెల్, బ్లూమెల్ అనువారు బెర్లిను నగరమున వాల్వుపై పేటెంటు పొందిరి. నేడు వాడుకలోనున్న పిస్టను వాల్వు రూపమును 1830ల చివరలో పారిసు నగరమున పెరినే అనునతడు కల్పించెను. పిస్టనును నొక్కినప్పుడు దానిలోని రంధ్రములు గాలి దారిని మళ్లించి, ఒక అదనపు గొట్టము గుండా పోనిచ్చును. రెండవ వాల్వు స్వరమును ఒక స్వరస్థానము, మొదటిది రెండు, మూడవది మూడు స్వరస్థానములు దింపును. మూడింటిని కలిపి నొక్కినచో ఆరు స్థానములు దిగవలెను.

గణితము చూపు లోపము

స్థాయిని 12 సమాన స్వరస్థానములుగా విభజించినప్పుడు, ఒక్కొక్క స్థానము దిగుటకు గొట్టము పొడవును 1.0595 చేత గుణించవలెను. ఈ సంఖ్యను 12 మార్లు వేసి గుణించినచో 2 వచ్చును. ఈ లెక్క ప్రకారము 270 సెంటీమీటర్ల గొట్టమునకు రెండవ వాల్వు 16, మొదటిది 33, మూడవది 51 సెంటీమీటర్లు చేర్చవలెను. మూడును కలిసి 100 సెంటీమీటర్లు. కాని ఆరు స్థానములు దిగుటకు మొత్తము పొడవు 382 కావలెను. అనగా 112 సెంటీమీటర్లు చేర్చవలెను. ఇంచుమించు 12 సెంటీమీటర్లు తక్కువ పడినవి! అందుచేత స్వరము సుమారు అర స్థానము హెచ్చుగా పలుకును. మొదటి, మూడవ వాల్వులను కలిపి నొక్కినప్పుడు 90 కావలసియుండగా 84 మాత్రమే లభించును.

ఇది పనివాని తప్పు కాదు; ఈ కొలతలతో చేసిన ప్రతి మూడు వాల్వుల వాద్యమునందును ఉండునదే. దీనిని సవరించుటకే వాల్వుల గొట్టములకు జారు వంకలు అమర్చెదరు. వంకకు రెండు కాళ్లుండును గనుక దానిని 3 సెంటీమీటర్లు వెలుపలికి లాగినచో 6 సెంటీమీటర్ల పొడవు పెరుగును. కావున కొనువాడు చేయవలసిన మొదటి పరీక్ష ఇది: ప్రతి వంకయు, ముఖ్యముగా మూడవ వాల్వు వంక, చేతితో లాగిన కదలుచున్నదా? చిలుము పట్టి బిగిసిన వంకను బలముగా లాగరాదు, అతుకులు ఊడును. నెమ్మదిగా నూనె, వేడిమి సహాయమున పనివాడు దానిని వదలించగలడు. ఆ ఖర్చును ధరలో తగ్గించి అడుగవలెను.

గాలి కారుచున్నదా?

రెండవ పరీక్ష అతి ముఖ్యమైనది. పిస్టనులను నొక్కక, మొదటి వాల్వు వంకను 2 సెంటీమీటర్లు వెలుపలికి లాగి పట్టుకొనవలెను. వాల్వు మూసియున్నది గనుక వంకలోని గాలికి దారి లేదు. ఘనపరిమాణము పెరిగి ఒత్తిడి తగ్గును. అయిదు సెకండ్లు ఆగి ఆ పిస్టనును నొక్కినచో, వెలుపలి గాలి ఒక్కసారిగా లోనికి దూసుకొని వచ్చి ‘టప్’ మని శబ్దమగును. ఇది బాయిలు నియమమునకు చక్కని నిదర్శనము. శబ్దము రానిచో, ఆ అయిదు సెకండ్లలోనే పిస్టను ప్రక్కల నుండియో, వంక కీలు నుండియో గాలి లోనికి చొరబడినదన్నమాట. మూడు వాల్వులను ఇట్లే పరీక్షించవలెను.

పిస్టనుకు, దాని గూటికి నడుమ ఎడము తల వెంట్రుక మందము కన్నను తక్కువ. ఇసుక రేణువులు చేరినను, చింతపండుతోను ఇటుక పొడితోను పాత్రల వలె తోమినను ఈ నునుపు చెడిపోవును. పిస్టనులను బయటికి తీసి, వాటి పూత అరిగి లోపలి లోహము కనబడుచున్నదేమో చూడవలెను. ప్రతి పిస్టను తన గూటికే చెందును. 1, 2, 3 అను గుర్తులు తారుమారు కాకుండ మరల అమర్చవలెను. అరిగిన పిస్టనులకు మరమ్మతు ఖర్చు అధికము. ఇట్టి వాద్యమును చౌకగా లభించినను వదలివేయుట మేలు.

లోహమును చదువుట

కంచు, ఇత్తడి పనితనమునకు పేరొందిన బుడితి గ్రామము శ్రీకాకుళము జిల్లాలోనిదే. కనుక ఇత్తడి ఈ ప్రాంతము వారికి క్రొత్త లోహము కాదు. ఇత్తడి రాగి, తుత్తునాగముల మిశ్రలోహము. రెండింటిలో తుత్తునాగమునకు రసాయన చురుకుదనము ఎక్కువ. ఊదుగాలిలోని తేమ, ఉమ్మి గొట్టములో నిలిచిపోయినచో, తుత్తునాగము క్రమముగా కరిగిపోయి, బలహీనమైన రాగి సన్నని రంధ్రములతో మిగులును. వెలుపల ఎర్రని లేక గులాబి వన్నె మచ్చలు, వాటి నడుమ నల్లని చుక్కలు కనబడును. ఇది లోపలి నుండి వెలుపలికి వచ్చు జబ్బు గనుక పైమెరుగు దీనిని మాన్పదు. క్రొత్తగా పూత వేసిన వాద్యమును మరింత జాగ్రత్తగా చూడవలెను.

సొట్టల విషయమున కూడ వివేకము అవసరము. గరాటు వలె విచ్చుకొన్న మూతి వద్ద చిన్న సొట్ట పడినను స్వరము అంతగా చెడదు. ఊదు మూతికి దగ్గరనున్న సన్నని గొట్టములో అంతే సొట్ట దారిలో ఎక్కువ భాగమును మూయును గనుక హాని హెచ్చు.

శ్రుతి పరీక్ష

పూర్వము బ్రిటిషు సైనిక బ్యాండులలో ఆధార స్వరము సెకండుకు సుమారు 452 కంపనములు. 1939లో లండను నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము దీనిని 440గా నిర్ణయించెను. ఆ పాత శ్రుతికి చేసిన ట్రాంబోను గొట్టము సుమారు 7 సెంటీమీటర్లు పొట్టి. దాని ప్రధాన వంకను మూడున్నర సెంటీమీటర్లు లాగినగాని నేటి క్లారినెట్టుతో కలియదు. వంకకు అంత పొడవు లేనిచో వాద్యము ఎంత గట్టిదైనను మేళమునకు పనికిరాదు. శ్రుతి సరియైన హార్మోనియముతోనో, చేతిఫోనులోని ట్యూనరుతోనో సరిచూడవలెను. ముందు కొంతసేపు ఊదవలెను. ఏలనన గాలి వేడెక్కిన కొలది డిగ్రీకి సెకండుకు 0.6 మీటరు చొప్పున ధ్వని వేగము పెరిగి శ్రుతి హెచ్చును.

దేశమున బ్యాండు వాద్యముల తయారీకి మీరట్ నగరము ప్రసిద్ధి. అచ్చటి నాదిర్ అలీ కంపెనీ 1885లో స్థాపితమైనది. ఏ ఊరిలో చేసినదైనను, ఎవరి ముద్ర ఉన్నదైనను పరీక్షలు ఒక్కటే. బిగిసిన వంక, మూతి వద్ద సొట్ట బేరమాడుటకు కారణములు. అరిగిన పిస్టను, ఎర్ర మచ్చ, కలియని శ్రుతి కొనకుండుటకు కారణములు. మెరుగు కొద్దిపాటి ఖర్చుతో వచ్చును. పోయిన బిగువు అంత సులభముగా తిరిగి రాదు. ఊరిలోని మేళమువారు అంగీకరించినచో, ఉపాధ్యాయులు ఒక పాత వాద్యమును తరగతికి తెప్పించి, అనునాదము, బాయిలు నియమము, లోహముల చురుకుదనము అను మూడు పాఠములను ఒక్క వాద్యముతోనే బోధించవచ్చును.