క్రీడారంగములు

స్టేడియము అను మాట మనకు ఇంగ్లీషు నుండి వచ్చినది. కాని దాని పుట్టిల్లు గ్రీసు దేశము. ప్రాచీన గ్రీకులకు అది కట్టడము పేరు కాదు. ఒక దూరము పేరు. వారి కొలతలో ఆరువందల అడుగుల దూరమును వారు స్టేడియన్ అని పిలిచెడివారు. ఒలింపియా క్షేత్రమున ఆ దూరము నేటి కొలతకు సుమారు 192 మీటర్లు. క్రీ.పూ. 776 నుండి అచ్చట క్రీడలు జరిగినట్లు లెక్క. మొదటి పదమూడు పర్యాయములును ఆ ఒక్క పరుగుపందెమే ఏకైక క్రీడ యని చెప్పుదురు. దూరము పేరు పందెమునకును, పందెము పేరు అది జరిగిన చోటునకును క్రమముగా అంటుకొన్నది.

అంత ప్రసిద్ధమైన ఒలింపియా క్రీడారంగమున ప్రేక్షకులకు ఆసనములు లేవు. తీర్పరులకు మాత్రము కొన్ని రాతి పీఠములుండెడివి. తక్కిన వేలాది జనము ఇరువైపుల పోసిన మట్టికట్టలపై, ఎండలో కూర్చుండియో నిలుచుండియో పందెమును చూచెడివారు. ఈ సంగతిని ముందుగా చెప్పుటకు కారణము కలదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు బాలబాలికలు మహానగరములందలి క్రీడారంగములను టెలివిజనులో చూచి, వాటి దీపస్తంభములకు, ఇనుప కప్పులకు అబ్బురపడి, “మన ఊర అట్టిది లేదుగదా” అని చిన్నబుచ్చుకొనుట నేను పలుమారు విన్నాను. గోడలు, కప్పులు, దీపములు క్రీడారంగమునకు సొమ్ములే. కాని దానిని జనులు తరతరములు తలచుకొనుటకు కారణములు వేరు. అవి యేవో విచారింతము.

మొదటిది, చూపు. ఆటస్థలమునకు వచ్చినవాడు ఆటను చూడవలెను. అంతకుమించిన హక్కు వానికి మరియొకటి లేదు. సమతలమున పదిమంది వరుసగా నిలిచినచో రెండవవానికి మొదటివాని తల అడ్డము. మూడవవానికి ఇద్దరి తలలు అడ్డము. అందుచేతనే మన ఊళ్ళలో నాటకము జరుగునప్పుడు ముందువారు నేలపై చతికిలబడుదురు. వారి వెనుకవారు అరుగులపై కూర్చుందురు. ఆ వెనుకవారు నిలుచుందురు. కట్టకడపటివారు బండ్లపై, ట్రాక్టర్లపై ఎక్కుదురు. ఎవరును నేర్పనక్కరలేకయే జనము తనకు తాను మెట్లు కట్టుకొన్నది! శిల్పులు చేసినదెల్ల ఈ యుక్తినే ఇటుకతోను రాతితోను స్థిరపరచుట. వరుస వెనుకకు జరిగినకొలది ముందువాని తల మీదుగా చూపు సాగవలెను గనుక మెట్టు ఎత్తు పెంచవలసియుండును. మెట్లు మిక్కిలి నిట్రముగా నున్నచో ప్రేక్షకునకు భయము కలుగును. మిక్కిలి వాలుగా నున్నచో చివరివానికి ఆటగాడు చీమవలె కనబడును. ఈ రెంటి నడుమ కుదురు కనుగొనుటయే క్రీడారంగ నిర్మాణమున ప్రధానమైన విద్య.

ఈ విద్య తెలుగుదేశమునకు క్రొత్త కాదు. ఇక్ష్వాకు రాజులు క్రీస్తు తరువాత మూడు, నాలుగు శతాబ్దములందు కృష్ణాతీరమున విజయపురిని రాజధానిగా చేసికొని ఏలిరి. అదియే నాగార్జునకొండ లోయ. నాగార్జునసాగరపు నీటిలో ఆ లోయ మునుగనున్నదని తెలిసి, 1954 నుండి 1960 వరకు అచ్చట పురావస్తు శాఖవారు త్రవ్వకములు సాగించిరి. అప్పుడు బయల్పడిన వానిలో చతురస్రమైన యొక రంగస్థలము కలదు. నడుమ ఆట జరుగుచోటు. నాలుగువైపుల మెట్ల వరుసలు. అందు నాటకములు, సంగీతము, మల్లయుద్ధములు జరిగియుండునని పండితులు ఊహింతురు. దానిని నీటిపాలు కానీయక సమీపముననున్న అనుపు అను చోట మరల నిలిపిరి. నడుమ నిలిచి మాటలాడినచో పై మెట్టువానికిని వినబడును. విహారయాత్రకు వెళ్ళిన విద్యార్థులు అచ్చట చప్పట్లు కొట్టి పరీక్షించుట పరిపాటి. ఉపాధ్యాయులు వారింపకుందురు గాక!

రెండవ కారణము, అచ్చట జరిగిన కార్యము. హైదరాబాదునందలి ఫతే మైదానమునే చూడుడు. 1687లో ఔరంగజేబు సైన్యము ఎనిమిది నెలలు గోలకొండను ముట్టడించినప్పుడు అచ్చట విడిసియుండెననియు, విజయానంతరము ఆ బయలునకు ఆ పేరు వచ్చెననియు చెప్పుదురు. ఫతే యనగా విజయము. యుద్ధభూమి క్రీడాభూమిగా మారుటకంటె భూమికి మేలైన గతి యేమున్నది? 1955 నవంబరులో ఆ మైదానముననే భారత, న్యూజిలాండు జట్లకు క్రికెట్ టెస్టు జరిగెను. అందు పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసెను. టెస్టు పోటీలలో భారతీయుడు చేసిన మొట్టమొదటి ద్విశతకము అదియే. 1967లో ఆ స్థలమునకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిరి. 2005 నుండి పెద్ద పోటీలు ఉప్పల్‌లోని క్రొత్త రంగమునకు తరలిపోయినవి. అయినను ఆ 223 పరుగులు ఉప్పల్‌కు తరలిపోలేదు.

ఒక్కొక్కప్పుడు ఓటమి సైతము చోటునకు పేరు తెచ్చును. బ్రెజిల్ దేశమున రియో నగరమునందలి మరకానా మహారంగము 1950లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకై కట్టబడినది. జూలై 16వ తేదీన చివరి పోటీని చూచుటకు రమారమి రెండు లక్షల జనము చేరిరి. బ్రెజిల్ గెలుచుట నిశ్చయమని అందరును నమ్మియుండిరి. చిన్న దేశమైన ఉరుగ్వే 2–1 గోళ్ళతో గెలిచెను. ఆనాటి కేకలను గాక, ఆట ముగియగానే ఆ మహాజనమును ఆవరించిన నిశ్శబ్దమును గూర్చియే నేటికిని చెప్పుకొందురు.

ఇక మన సీమకు వత్తము. ఎమ్మిగనూరున జనవరి మాసమున నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగును. రథోత్సవమునకు కర్ణాటకము నుండి కూడ జనము వచ్చుదురు. ఆ జాతరలో బండలాగుడు పోటీలు ప్రసిద్ధములు. దీనికి గోడలు గల రంగము అక్కరలేదు. ఒక బయలు, కొన్నివందల అడుగుల బారున చదును చేసిన దారి, సున్నముతో గీసిన గీతలు, ఒక గండశిల, ఇంతే సామగ్రి. నాలుగవ గోడ, మూడవ గోడ, అన్ని గోడలును జనమే.

ఆట విధానము ఇట్లుండును. గొలుసుతో బండను కాడికి తగిలింతురు. ఈల మ్రోగగానే ఎడ్లజత బండను ఈడ్చుకొని దారి చివరకు పోవలెను. అచ్చట మరల్చుకొని తిరిగి రావలెను. నియమితమైన నిమిషములలో ఏ జత ఎక్కువ దూరము లాగునో దానిదే గెలుపు. దూరమును అడుగులలోనే గాక అంగుళములలో కూడ కొలిచి ప్రకటింతురు. ఎడ్లను వయస్సును బట్టి తరగతులుగా విభజింతురు. వయస్సు తెలియుటకు జన్మపత్రిక లేదు గదా! పళ్ళే పత్రిక. పాలపళ్ళు ఊడి ముందరి పళ్ళు రెండేసి చొప్పున వచ్చును. సుమారు రెండున్నర యేండ్లకు రెండు పళ్ళు, ఆపైన నాలుగు, ఆరు, అయిదేండ్లు నిండునప్పటికి ఎనిమిది. కావుననే పాలపళ్ళ విభాగము, రెండు పళ్ళ విభాగము, నాలుగు పళ్ళ విభాగము అని పేర్లు. పిన్న ఎడ్లకు తేలికబండ, ముదురు ఎడ్లకు బరువుబండ. మన తరగతి గదులకంటె న్యాయమైన విభజన యిది యని నా కప్పుడప్పుడు తోచును.

ప్రేక్షకుడు ఇచ్చట దూరపు పీఠముపై కూర్చున్నవాడు కాడు. గిట్టల దుమ్ము వాని ముఖముపై పడును. బండ నేలను రాచు చప్పుడు అరికాళ్ళకు తెలియును. జత కదలక నిలిచిపోయినప్పుడు వేలమంది ఒక్కపెట్టున ఊపిరి బిగపట్టుదురు; కదలినప్పుడు ఈలలు, కేకలు మిన్నుముట్టును. చూచువానికిని ఆడువానికిని నడుమ దూరము తగ్గినకొలది జ్ఞాపకము గాఢమగును. ఇది మూడవ కారణము. నా మట్టుకు నాకు ఇదియే అన్నిటికంటె గొప్పది.

అయితే ఒక మాట దాచరాదు. మూగజీవమును ములుకోలతో పొడిచియో కొరడాతో చీరియో గెలిచిన గెలుపు గెలుపు కాదు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిషేధించెను. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ప్రభుత్వములు కట్టుబాట్లతో చేసిన చట్టములను 2023లో సమ్మతించెను. కట్టుబాట్లు కాగితముపై నుండిన చాలదు, తోలువాని చేతిలో నుండవలెను. ఎద్దును బిడ్డవలె మేపి, పోటీనాడు దాని మూపు నిమిరి, కేవలము కేకతోనే కదలించు రైతులను నేనెరుగుదును. జనము వారిని ఎక్కువగా మెచ్చుటయు ఎరుగుదును.

ఎమ్మిగనూరు నేతకు పేరుపొందిన ఊరు. మాచాని సోమప్పగారు 1938లో నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. 1954లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదము నొసగెను. మగ్గముపై పనిచేయువాడు పగలెల్ల గుంటలో కాళ్ళు పెట్టుకొని వంగి కూర్చుండును. అట్టివాని బిడ్డలకు చేతులు చాచి పరుగెత్తుటకు ఒక బయలు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. వీవర్స్ కాలనీలో ఆ సంఘము పేరనే నేటికిని ఒక మైదానము పిలువబడుచున్నది.

ఆదోనిలో మునిసిపల్ ఉన్నత పాఠశాల మైదానము వంటి బయళ్ళయందు క్రికెట్ ఆడు బాలురు ఒక విశేషమును గమనింపవచ్చును. మన సీమలో ప్రత్తి పండించు నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. వానకాలమున కాలికి బంకవలె అంటును. వేసవిలో ఆ నెఱ్ఱెలలో పాదము మెలికపడును. అందుచేత పరుగెత్తు చోట దానిపై గరుసు పరచి, నీరు నిలువకుండ వాలు తీర్చవలెను. కాని ఇరువది రెండు గజముల పిచ్‌కు ఆ జిగురే గుణము. జిగురుగల మన్నును తగినంత తడిపి, రోలరుతో మరల మరల త్రొక్కినచో అది గట్టిపడి, బంతి సరిగా లేచును. ఒకే మన్ను పదడుగుల దూరమున దోషము, ఇచ్చట గుణము! ఈ పనికి కావలసినది కోట్ల ధనము కాదు. ఒక రోలరు, నాలుగు కడవల నీరు, పూనిక గల నలుగురు.

మన పొరుగున అనంతపురమున ఇట్టి పూనిక ఏమి చేయగలదో చూడవచ్చును. విన్సెంట్ ఫెర్రర్, ఆయన భార్య ఆన్ ఫెర్రర్ 1969లో నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ అచ్చట క్రీడాగ్రామమును నిర్మించినది. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ మున్నగు ఆటలను పల్లె బాలురకును బాలికలకును నేర్పుచున్నది. 2010లో స్పెయిన్ దేశపు ప్రసిద్ధ ఆటగాడు రాఫెల్ నాదల్ పేర టెన్నిసు శిక్షణాలయము కూడ వెలసినది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు ఆ ఊర జరిగెను. కరవుసీమలో పచ్చిక పెంచి దేశపు మేటి ఆటగాండ్రను రప్పించుట సామాన్యము కాదు. కాని పేదపిల్లలు అక్కడ ప్రతిదినము ఆడుచుండుట నాకు అంతకంటె మిన్నగా తోచును.

ఏలయన, ఆటలేని నాడు మైదానము ఏమగుచున్నదో అదియే దాని ఆయువును నిర్ణయించును. తాళము వేసిన రంగమున పిచ్చిమొక్కలు మొలచును. తాళములేని బయలున ఒక మూల మట్టి పోయుదురు, మరియొక మూల బండ్లు నిలుపుదురు, మూడవ మూల కొట్టు వెలయును. నాలుగేండ్లకు నడుమ మిగిలిన చోట బంతి విసరుటకు కూడ చాలదు. ఆడపిల్లల గతి ఇంకను వేరు. మైదానమున్న ఊరిలోనే వారు గట్టున నిలిచి చూచుట తరచు. వారానికి రెండు సాయంకాలములు వారికై విడిచిపెట్టుట పాఠశాలల చేతిలోని పనియే.

సాయంకాలము ఆరు దాటగానే మన ఊరి బయళ్ళయందు బంతి కనబడదు. అయినను బాలురు ఇండ్లకు పోరు. చప్పుడును బట్టి బంతిని వెదకుచు, చీకటి బాగుగ కమ్మువరకు ఆడుచునేయుందురు. జాతర ముగిసిన పిమ్మట ఒక్కొక్క ఊరిలో లాగుడు బండ కూడ ఆ గట్టుననే ఏడాది పొడవునను పడియుండును. తమ వంతు రానివారు దానిపై వరుసగా కూర్చుండి పరుగులు లెక్కపెట్టుచుందురు.