నీలి తాయెత్తులు

శంకర్‌పల్లిలో రైలెక్కి నాంపల్లిలో దిగినవారికి పబ్లిక్ గార్డెన్సు ఎంతో దూరం కాదు. అక్కడి ప్రదర్శనశాలలో రెండువేల ఏళ్ళకు పైబడిన ఈజిప్టు యువతి ఒకతె అద్దాలపెట్టెలో పడుకుని ఉంది. పేరు నైషు అంటారు. ఆరవ నిజాము అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొనితెచ్చిన ఈ మమ్మీని ఏడవ నిజాము 1930లో ప్రదర్శనశాలకు ఇచ్చాడు. పెట్టె దగ్గరికి రాగానే పిల్లలు జడుసుకుని అమ్మ కొంగు పట్టుకుంటారు. ఆ పిల్లల మెడలో తాయెత్తును చూస్తే మాత్రం నైషు కాలపువారికి వింతేమీ తోచదు. వారూ కట్టినవారే గదా!

వారి తాయెత్తుల్లో ఎక్కువ భాగం ‘ఫయాన్స్’తో చేసినవి. చూడటానికి పింగాణీలా ఉంటుంది గాని, అందులో బంకమట్టి లేదు. పలుగురాయిని మెత్తగా నూరి, కాస్త సున్నమూ, సోడా ఉప్పో మొక్కల బూడిదో, రంగుకు రాగిపొడీ కలిపి ముద్ద చేసేవారు. మట్టి అచ్చులో ఒత్తి ఆరబెడితే, మన పాతగోడలకు చవుడు పొంగినట్లు ఉప్పు పైకి పొంగుతుంది. ఆవంలో పెట్టగానే ఆ ఉప్పే గాజుపూతగా మారి, నీలంగానో పచ్చగానో తళతళలాడుతుంది. వారి భాషలో దీని పేరుకు అర్థమే ‘మెరిసేది’. ఆ అచ్చులు అమర్నా తవ్వకాల్లో వేలకొద్దీ దొరికాయి. సినాయి ఫిరోజా రాయి, ఆఫ్ఘనిస్తానపు లాజవర్దం కొనలేని ఇల్లాలికి కూడా అదే నీలం చౌకగా అందిందన్నమాట.

రూపాలకు లోటు లేదు. సేత్ పెకలించగా థోత్ బాగుచేసిన హోరస్ కన్ను అన్నిటికంటే ప్రసిద్ధం. ఒసిరిస్ వెన్నెముకకు గుర్తయిన స్తంభం చచ్చినవారు మళ్ళీ లేచి నిలబడటానికి. పేడపురుగు రూపం పునర్జన్మకు. నీటిగుర్రం ముఖంతో, నిండు కడుపుతో ఉండే తవేరెత్ దేవతను గర్భిణులు ధరించేవారు. అందగత్తె కాదు గాని, పురిటిగదిలో కావలసింది అందం కాదు గదా! కాన్పులో తల్లులూ, పొత్తిళ్ళలో పిల్లలూ పోవడం సర్వసాధారణమైన రోజులవి.

మన రక్షరేకును తలపించేది మరొకటుంది. క్రీస్తుకు పూర్వం వెయ్యి ప్రాంతంలో సన్నని పపైరస్ చీటీని చుట్టి, గొట్టంలో పెట్టి పిల్లల మెడలో వేసేవారు. చీటీలో మాట్లాడేది దేవుడే. పామునుంచి, తేలునుంచి, జబ్బునుంచి ఫలానా బిడ్డను కాపాడతానని పేరుపెట్టి మాట ఇస్తాడు. గోడ కూలి మీద పడకుండా చూస్తానన్న హామీ కూడా వాటిలో కనిపిస్తుంది.