ఆర్చ్ లినక్స్ వేసుకునేటప్పుడు ఏ ఎడిటర్? అపోహలు – వాస్తవాలు

ఆర్చ్ లినక్స్‌ను ఆదేశాలు కొట్టుకుంటూ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు మధ్యలో కొన్ని సెట్టింగుల ఫైళ్లు తెరిచి ఒకటి రెండు వరసలు మార్చాలి. ఆ కాస్త పనికి ఏ టెక్స్ట్ ఎడిటర్ వాడాలన్న దగ్గరే కొత్తవాళ్లను అపోహలు చుట్టుముడతాయి.

అపోహ: పెన్‌డ్రైవ్‌లో ఎడిటర్ ఉంది కదా, డిస్కులోకీ వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. పెన్‌డ్రైవ్ నుంచి లేచిన సిస్టమ్‌లో నానో, విమ్ అనే ఎడిటర్లు రెండూ ఉంటాయి. డిస్కులోకి వెళ్లే 'బేస్' ప్యాకేజీలో మాత్రం 2019 అక్టోబరు నుంచి ఏ ఎడిటరూ లేదు. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్ యూనిక్స్ తరహా సిస్టమ్‌ల పోసిక్స్ ప్రమాణంలో ఉన్నా, బేస్‌లో అదీ దొరకదు. డిస్కులోకి ప్యాకేజీలు వేసే ప్యాక్‌స్ట్రాప్ ఆదేశంలో మిగతా ప్యాకేజీల పక్కన నానో పేరు కూడా చేర్చాలి. మరిచిపోయినా కొంపేమీ మునగదు. క్రూట్‌తో డిస్కులోని కొత్త సిస్టమ్‌లోకి వెళ్లాక ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మ్యాన్‌తో వేసుకోవచ్చు.

అపోహ: నానో పిల్లలాట. తెలిసినవాళ్లు విమ్ వాడతారు.

వాస్తవం: జెంటూ లినక్స్ హ్యాండ్‌బుక్ ఇన్‌స్టలేషన్ పాఠాల్లో వాడేది నానోనే. ఫెడోరా లినక్స్ కూడా 2020లో 33వ విడుదలతో వీఐని పక్కనపెట్టి దీన్నే డిఫాల్ట్ చేసింది. పైగా పని చిన్నదే: ఉదాహరణకు, సిస్టమ్ భాషల జాబితా ఉండే లొకేల్ ఫైల్లో చేయాల్సిందల్లా కావలసిన భాష వరస ముందున్న # గుర్తు చెరపడం. నానోలో కంట్రోల్-డబ్ల్యూతో ఆ వరస వెతకండి. # తీసేసి కంట్రోల్-ఓ, ఎంటర్ నొక్కితే సేవ్ అవుతుంది, కంట్రోల్-ఎక్స్‌తో బయటికొస్తారు. ముఖ్యమైన మీటలు తెర అడుగునే రాసి ఉంటాయి. అక్కడి ^ గుర్తంటే కంట్రోల్.

అపోహ: విమ్‌లో ఇరుక్కుంటే కంప్యూటర్ ఆపేయడమే గతి.

వాస్తవం: విమ్ తెరవగానే అక్షరాల మీటలు ఆదేశాలుగా పనిచేస్తాయి. ఐ నొక్కాకే టైపింగ్ మొదలవుతుంది. గందరగోళం అయితే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం వరసగా కొట్టి ఎంటర్ నొక్కండి. మార్పులేవీ సేవ్ కాకుండా బయటపడతారు.

అపోహ: తెలుగు గళ్లుగళ్లుగా కనిపిస్తోందంటే ఎడిటర్‌లో లోపం.

వాస్తవం: అది కన్సోల్ పరిమితి. లినక్స్ కన్సోల్ ఫాంటులో గరిష్ఠంగా 512 గుర్తులే పడతాయి. గుణింతాలు, ఒత్తులు కలిపి చూపే ఏర్పాటు దానికి లేదు. ఎడిటర్ మార్చి లాభం లేదు. డెస్క్‌టాప్, తెలుగు ఫాంటు వచ్చేదాకా సిస్టమ్ భాషను ఇంగ్లిష్‌లోనే ఉంచండి.

అపోహ: ఇప్పుడు ఎంచుకున్న ఎడిటర్‌తోనే ఎప్పటికీ సర్దుకోవాలి.

వాస్తవం: ఒకే సిస్టమ్‌లో ఎన్ని ఎడిటర్లయినా ఉండొచ్చు. 'ఎడిటర్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ మారిస్తే గిట్ లాంటివి మీరు చెప్పినదాన్నే తెరుస్తాయి. విమ్ నేర్చుకోదగ్గదే, కానీ బూట్‌లోడర్‌తో కుస్తీ పడుతున్నప్పుడు కాదు. తర్వాత తీరిగ్గా విమ్ వేసుకుని విమ్‌ట్యూటర్ ఆదేశం కొడితే అరగంటలో ఓనమాలు వస్తాయి. ఇన్‌స్టలేషన్‌కి నానో చాలు. ప్యాక్‌స్ట్రాప్‌లో దాని పేరు మాత్రం మరవకండి.