ముందుగదికి ఏ హీటరు?

చలికాలం తెల్లవారుజామున మీరెప్పుడైనా చలిమంట దగ్గర కూర్చున్నారా? మంటవైపు ఉన్న ముఖం, అరచేతులు చురుక్కుమంటుంటాయి. వీపు మాత్రం వణుకుతూనే ఉంటుంది. ఎందుకని? దీనికి జవాబు తెలిస్తే, ఇంటికి విద్యుత్ హీటరు కొనేటప్పుడు మీరే పెద్దవాళ్లకు సలహా చెప్పగలరు. ఆదిలాబాద్ వైపో, అరకు లోయలోనో డిసెంబరు, జనవరి నెలలు గడిపేవారికి ఆ సలహా అవసరమే!

ముందు హీటరు లోపల ఏముందో చూద్దాం. తీగలో విద్యుత్తు ప్రవహిస్తే తీగ వేడెక్కుతుంది. ఈ వేడి ఎంతో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ జౌల్ 1840 ప్రాంతంలో ప్రయోగాలు చేసి కనుక్కున్నాడు. అదే తీగలో ప్రవాహం రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. కాని మామూలు ఇనుప తీగ ఎర్రగా కాలితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి త్వరగా పాడైపోతుంది. అందుకే నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్ తీగను వాడతారు. దాని మీద ఏర్పడే పలుచని ఆక్సైడు పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇలాంటి మిశ్రలోహానికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. దుకాణంలో రెండు హీటర్లున్నాయి. రెండూ 1000 వాట్లవే. ఒకటి చవక, రెండోది చాలా ఖరీదు. ఏది ఎక్కువ వేడినిస్తుంది? ఖరీదైనదే అంటారా? కాదు, రెండూ సమానమే! తీసుకున్న విద్యుచ్ఛక్తి అంతా చివరకు ఉష్ణంగానే మారుతుంది. తేడా ఉన్నదల్లా ఆ వేడిని మనకు అందించే పద్ధతిలోనే.

మొదటిది కడ్డీ హీటరు. ఎర్రగా కాలే కడ్డీ వెనుక తళతళలాడే రేకు ఉంటుంది. దీని వేడి చాలావరకు పరారుణ కిరణాల రూపంలో సూటిగా వచ్చి మీ ఒంటిని తాకుతుంది. ఇదే ఉష్ణ వికిరణం. హీటరుకు కాస్త దూరంగా కూర్చుని, ముఖానికి అడ్డంగా ఒక పుస్తకం పట్టుకోండి. వెచ్చదనం చటుక్కున తగ్గిపోతుంది. చలిమంట దగ్గర మీ వీపు వణకడానికి కారణం ఇదే. అక్కడ మీ ఒళ్లే అడ్డు!

రెండవది బ్లోయరు. లోపలి ఫ్యాను గాలిని వేడి తీగల మీదుగా గదిలోకి తోస్తుంది. చిన్న గదిలో గాలి త్వరగా వేడెక్కుతుంది. కాని చప్పుడు చేస్తుంది.

మూడవది నూనె రేడియేటరు. ఇందులో నూనె మండదు, తరగదు. వేడెక్కి, ఆ వేడిని రేకుల ద్వారా మెల్లగా గదికిస్తుంది. వేడెక్కిన గాలి పైకి పోతుంది, చల్లగాలి దాని చోటికి వస్తుంది. ఇదే సంవహనం. స్విచ్చి ఆపాక కూడా ఇది కొంతసేపు వెచ్చగా ఉంటుంది.

ఒక లెక్క చేద్దాం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో 36 ఘనమీటర్ల గాలి, అంటే సుమారు 43 కిలోలు ఉంటుంది. దాన్ని 10 డిగ్రీలు వేడెక్కించడానికి 1000 వాట్ల హీటరుకు 7 నిమిషాలు చాలాలి. నిజంగా అలా జరుగుతుందా? జరగదు. గోడలు, నేల, సామాను వేడిని పీల్చుకుంటాయి. తలుపు సందుల్లోంచి వెచ్చని గాలి బయటికి పోతుంది. కాబట్టి జనం వస్తూ పోతూ, తలుపు తెరిచి ఉండే ముందుగదికి కడ్డీ హీటరు మేలు. గాలితో నిమిత్తం లేకుండా ఎదురుగా ఉన్న తాతయ్యను వెచ్చగా ఉంచుతుంది. తలుపు వేసుకుని గంటల తరబడి కూర్చునే గదికి నూనె రేడియేటరు, కాసేపు చాలనుకునే చిన్న గదికి బ్లోయరు తగినవి.

ఖర్చు మాటేమిటి? 2000 వాట్ల హీటరు గంటకు 2 యూనిట్లు తీసుకుంటుంది. రోజుకు 4 గంటల చొప్పున 30 రోజులకు 240 యూనిట్లు! 230 వోల్టుల దగ్గర దీనికి దాదాపు 9 ఆంపియర్ల ప్రవాహం కావాలి. ఫ్యాన్లకు, లైట్లకు వాడే 6 ఆంపియర్ల ప్లగ్గు దీన్ని మోయలేదు. జౌల్ సూత్రం అక్కడా పనిచేస్తుంది కదా! గోడలోని తీగే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గే వాడాలి. హీటరుకు మీటరు దూరంలో పరుపు, కర్టెను ఏవీ ఉండకూడదు. దాని మీద తడిబట్టలు ఆరేయకూడదు. పడుకునే ముందు ఆపేయాలి.

“ఇంత గొడవెందుకు, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే పోలా?” అంటారు కొందరు. వద్దని గట్టిగా చెప్పండి. తలుపులు మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారు మళ్లీ లేవకపోవచ్చు. విద్యుత్ హీటరులో ఏదీ మండదు గనుక ఆ వాయువు పుట్టదు.

ఇక ఈ చలికాలంలో ఇంట్లో హీటరు మాట వస్తే, ధర అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి: గది తలుపులు మూసి ఉంటాయా? ఎంతసేపు వాడతాం? ప్లగ్గు ఎన్ని ఆంపియర్లది? ఆ జవాబులే తగిన హీటరును చూపిస్తాయి.