సెకండ్ హ్యాండ్ ‘హాట్ హ్యాచ్‌బ్యాక్’ కొంటున్నారా..? రాజంపేట వైపు అయితే ఈ చెకింగ్‌లు అస్సలు మిస్ కావొద్దు!

చూడ్డానికి చిన్న కారు.. యాక్సిలేటర్ తొక్కితే మాత్రం పెద్ద కార్లను దాటేస్తుంది. పోలో జీటీ, బాలెనో ఆర్‌ఎస్, అబార్త్ పుంటో అంటే కుర్రకారుకు అందుకే అంత పిచ్చి. కానీ ఈ మూడూ ఇప్పుడు షోరూమ్‌లో దొరకవు. సెకండ్ హ్యాండే దిక్కు. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ 105 పీఎస్ పవర్‌తో, 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్‌తో సంచలనం సృష్టించింది. 2022లో పోలో తయారీ మన దేశంలో ఆగిపోయింది. 145 పీఎస్ అబార్త్ పుంటో 2015లో వచ్చింది, 2019తో ఫియట్ అమ్మకాలే ముగిశాయి. 2017లో వచ్చిన బాలెనో ఆర్‌ఎస్ మూడేళ్లకే కనుమరుగైంది. 2018 నాటి టియాగో జేటీపీదీ అదే కథ. కొత్తవి రావు కాబట్టి ఉన్నవాటికి డిమాండ్ తగ్గడం లేదు. ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్ లాంటివి కొంచెం కొత్తవి. వాటికి పాత రికార్డు దొరకడం తేలిక.

రాజంపేటలో ఇలాంటి కార్లు ఎక్కువగా దొరకవు. చాలామంది చెన్నై, బెంగళూరు వైపే చూస్తారు. కువైట్ నుంచి సెలవుపై వచ్చిన వాళ్లయితే నెల రోజుల్లో కారు కొని, తిరిగి, మళ్లీ ఫ్లైట్ ఎక్కాలి. ఆ తొందరే అమ్మేవాడికి కలిసొస్తుంది.

ఎర్రచందనం కేసు మెడకు చుట్టుకుంటే..?

శేషాచలం అడవుల అంచున ఉన్న ఊరు కాబట్టి ఈ పాయింట్ మరెక్కడా లేనంత ముఖ్యం. కార్లలో ఎర్రచందనం దుంగలు తరలిస్తూ పట్టుబడటం ఇక్కడ కొత్తేమీ కాదు. ఏపీ అటవీ చట్టం ప్రకారం అలా దొరికిన వాహనాన్ని జప్తు చేసే అధికారం అటవీ అధికారులకు ఉంది. కారు ఎవరు నడిపారన్నది తర్వాత సంగతి. నంబర్ కొట్టగానే ఆర్‌సీలో ఎవరి పేరుంటే ముందు వాళ్ల ఇంటికే పోలీసులు వస్తారు.

అందుకే ఇది కొనేవాళ్ల సమస్య మాత్రమే కాదు, అమ్మేవాళ్లది కూడా. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, డబ్బులు జేబులో వేసుకుని మర్చిపోయే అలవాటు చాలామందిలో ఉంది. బ్రోకర్ ఆ ఖాళీ పేపర్లతోనే కారును ఇద్దరు ముగ్గురికి తిప్పేస్తాడు. ఆర్‌సీలో పేరు మాత్రం పాత ఓనర్‌దే! యాక్సిడెంట్ జరిగినా ఇదే లెక్క. పలు చేతులు మారిన ఓ కారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పేసింది. రికార్డుల్లో పేరు ఎవరిదైతే, పరిహారం బాధ్యత వాళ్లదేనని తేల్చింది.

కారు చూసేటప్పుడు డిక్కీ కార్పెట్ ఎత్తండి. వెనక సీటు బోల్టులు పదేపదే విప్పిన గుర్తులు, లోపలి ప్లాస్టిక్ మీద లోతైన గీతలు, నంబర్ ప్లేట్ దగ్గర అదనపు రంధ్రాలు కనిపిస్తే అనుమానించాల్సిందే. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్‌లను కారు మీద చూసి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి. ఫొటోలో చూపిస్తే సరిపోదు. వేలంలో కొన్న బండి అని చెబితే వేలం పేపర్లు, దానికి వాడే ఫారం 32 అడగండి.

నీట మునిగిన కారా..?

2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ముంచెత్తిన సంగతి రాజంపేట జనం ఎలా మర్చిపోతారు? 2015, 2023 డిసెంబర్‌లలో చెన్నై కూడా మునిగింది. అలా నీళ్లలో నానిన కార్లను బాగు చేసి, పాలిష్ పెట్టి అమ్మేయడం మామూలే. సీట్ బెల్టును చివరి వరకూ లాగి చూస్తే మట్టి మరకలు బయటపడతాయి. సీటు కింద రైళ్లకు తుప్పు, ఫ్యూజ్ బాక్సులో పచ్చటి చిలుము, లైట్లలో తేమ.. ఇవన్నీ సాక్ష్యాలే. ఏసీ వేయగానే ముక్క వాసన వస్తే ఇక బేరం అక్కర్లేదు.

టర్బో ఇంజిన్.. జాగ్రత్త!

మామూలు స్విఫ్ట్‌ను చూసినట్టు వీటిని చూస్తే కుదరదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనాలి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నట్టే. పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. టర్బో రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు. పాత పోలో జీటీలోని డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్‌కు మెకట్రానిక్ యూనిట్ ఫెయిల్యూర్ అనే పేరు ఎప్పటి నుంచో ఉంది. దాన్ని హైవే మీద పరుగెత్తిస్తే ఏమీ తెలియదు. బజారు ట్రాఫిక్‌లో మెల్లగా, ఆగుతూ కదులుతూ ఓ ఇరవై నిమిషాలు నడిపితే కుదుపులు బయటపడతాయి.

ఇంకో మాట.. ఈ కార్లను ఉన్నట్టు ఉంచే ఓనర్లు తక్కువ. ఈసీయూ రీమ్యాప్ చేయించి పవర్ పెంచుతారు, సైలెన్సర్ మారుస్తారు. అమ్మేటప్పుడు ‘స్టాక్’ అంటారు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు. రేపు క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ దాన్నే పట్టుకుంటుంది. స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే వెయ్యో రెండు వేలో అవుతుంది, అంతే. కిలోమీటర్ల విషయంలో మీటర్‌ను కాదు, కంపెనీ సర్వీస్ సెంటర్ హిస్టరీని నమ్మాలి.

డీలరా..? నేరుగా ఓనరా..?

2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న రూల్ అమల్లోకి వచ్చింది. కారు డీలర్ చేతికి వచ్చాక ఆ సమాచారం ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. అప్పటి నుంచి ఆ కారుకు బాధ్యుడు డీలరే. కాబట్టి ‘సర్టిఫికెట్ చూపించండి’ అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. జీఎస్టీ పేరుతో మొత్తం ధర మీద 18 శాతం వేస్తామంటే నిలదీయండి. సాధారణంగా ఆ పన్ను డీలర్ లాభం మీద మాత్రమే లెక్కిస్తారు. నేరుగా ఓనర్ దగ్గర కొంటే జీఎస్టీ గొడవే లేదు, ధర కూడా కాస్త తగ్గుతుంది. కానీ తర్వాత ఏదైనా తేడా వస్తే ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు.

ఎవరి దగ్గర కొన్నా ముందు ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఓనర్ వరుస, ఇన్సూరెన్స్, బ్లాక్‌లిస్ట్ చూడాలి. పెండింగ్ చలాన్లూ ఆన్‌లైన్‌లో తెలుస్తాయి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. కేఏ, టీఎన్ నంబర్ బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ తప్పనిసరి. దాంతోపాటు ఏపీలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బెంగళూరులో చవగ్గా వచ్చిందని సంబరపడే వాళ్లు ఈ లెక్క చివర్లో చూసుకుని తల పట్టుకుంటారు.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపాలి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైమ్ కూడా రాయించుకోవాలి. ఆ గంటకు ముందు జరిగినదానికి పాత ఓనర్, తర్వాతదానికి కొత్త ఓనర్ అన్నదానికి అదే రుజువు. అయితే చట్టం ముందు లెక్క ఆర్‌సీదే. ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలూ, కొనేవారి పేరూ అక్కడికక్కడే నింపాలి. రాష్ట్రంలోపు అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్‌టీఓకు తెలియజేయాలి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు గడువు 14 రోజులే. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, కాబట్టి ప్రీమియం కాస్త పెరుగుతుంది. కువైట్ తిరిగి వెళ్లే వాళ్లయితే టికెట్ తేదీకి ముందే ఈ పనులు ముగించుకోవాలి.